క్రేను దిగాక మాట్లాడని మనిషి

ఇంట్లో మనిషి కళ్ళముందే నలిగిపోతుంటే నోరు మూసుకోమని సలహా ఇచ్చిన పెద్దలందరి మీదా నాకు కోపమే.

డెబ్బైల చివర్లో మేం రేవు దగ్గర వన్ టౌన్‌లో ఒక ఇరుకు సందులో ఉండేవాళ్ళం. మా ఆయన నా మేనత్త కొడుకు. బావా అనే పిలిచేదాన్ని. రేవులో క్రేను నడిపేవాడు. ఒకరోజు సరుకు ఎత్తుతుండగా వైరు తెగి, కింద నిలబడి సరుకు కట్టే కలాసీ ప్రాణం పోయింది. తప్పు బావది కాదని విచారణలో తేల్చారు. కానీ ఆ కలాసీ, బావ రోజూ ఒకే క్యారేజీలో అన్నం తినేవాళ్ళు.

ఆ తర్వాత బావ ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేవాడు. రెండేళ్ళ పాపను ఎత్తుకోవడం మానేశాడు.

"ఏటైంది బావా?"

"ఏటీ నేదు."

మా అత్త నా మీద విరుచుకుపడేది. "ఊరికే అడిగి సంపకే! పుండు కెలికితే మానుతాదేటి?" చర్చి పెద్ద వచ్చి ప్రార్థన చేసి, ఆ ఊసే ఎత్తవద్దన్నాడు. డాక్టరు నిద్రమాత్రలు రాశాడు. ఏం జరిగిందని అతన్ని అడిగినవాడు ఒక్కడూ లేడు! నాలుగు నెలలు నేనూ నోరు కుట్టుకున్నాను. బుద్ధిలేనిదాన్ని.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తుంటే ఆ కలాసీ భార్య ఎదురైంది. బావ మమ్మల్ని వదిలేసి పక్క సందులోంచి ఇంటికి పారిపోయాడు. నేను పాపను చంకనేసుకుని వెనకే వెళ్ళి, గుమ్మం ముందే అరిచాను.

"నాను పరాయిదాన్నా బావా? నాకు సెప్తే సత్తావేటి?"

"ఈదిలో పరువు తీత్తన్నావే!" అంది అత్త.

"తీత్తాను. ఈయన పోయాక ఆ పరువు వండుకు తినమంటావా?"

బావ అరుగు మీద కూలబడ్డాడు. "ఆడే సెయ్యూపాడే, ఎత్తమని. నానెత్తీసినాను," అని ఏడ్చాడు. పాపను ఎత్తితే జారిపోతుందేమోనన్న భయం కూడా అప్పుడే బయటపెట్టాడు.

ఒక్కసారి చెప్తే తీరే బాధ కాదది. వారాల తరబడి అదే చెప్పాడు. ఉల్లిపాయలు తరుగుతూ, బట్టలు పిండుతూ విన్నాను. మెల్లగా పాపను మళ్ళీ ఎత్తుకోసాగాడు. ఒకరోజు తనంతట తానే కలాసీ ఇంటికి వెళ్ళి, ఆవిడ ముందు కూర్చుని వచ్చాడు.

అప్పుడు నాకు మొదలైంది. వైరు తెగిన చప్పుడు నేను వినకపోయినా చెవుల్లో మోగేది. తిండి సయించేది కాదు. అత్తకు చెప్పుకుంటే, "ఆడు బాగానే ఉన్నాడు గదా, నీకేటి రోగం?" అంది.

గదిలోంచి బావ వచ్చాడు. "అమ్మా, నువ్వూరుకో," అని నా పక్కన కూర్చున్నాడు. "నువ్వు సెప్పే."

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ఆ నాలుగు నెలలు నాతో నోరు విప్పనందుకు మొదట ఆయన్నే తిట్టాను. లేవకుండా అంతా విన్నాడు.