నాయిన కుట్టిన చెప్పులు

రేగొండలో పొద్దున ఆరుంబావుకు బస్సెక్కాను. కండక్టరు ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ ఇచ్చాడు. సీటు మాత్రం పరకాల దాకా దొరకలేదు. హన్మకొండలో ఇడ్లీ తిని ఇంకో బస్సు పట్టుకుని, జనగామలో దిగేసరికి పది దాటింది. మోకాళ్లు అప్పటికే మొరాయించాయి.

జనగామ నేను పుట్టిన ఊరు. అక్కడి పాత బజారులో ఒక దొర ఇల్లుంది. దొరలు పట్నం వెళ్లిపోయాక కొన్నాళ్లు అందులో బడి నడిచింది, తర్వాత పావురాలు కాపురమున్నాయి. ఇప్పుడు దొర మనవడు బాగుచేయించి జనం చూడటానికి తెరిచాడు. లోపల అద్దాల పెట్టెలో దొర చెప్పులున్నాయని మా మేనకోడలు చెప్పింది. అవి కుట్టింది మా నాయిన రాజలింగం. ఆయన చేతిపని ఇంకెక్కడా మిగల్లేదు. అందుకే వెళ్లాను.

గడప దగ్గర కావలి ఆమె చెప్పులు విప్పమంది. గచ్చు పాడవుతుందట. విప్పనన్నాను. ఆ ఇంటి ముందు నుంచి పోవాలంటే మా నాయిన చెప్పులు విప్పి చంకలో పెట్టుకునేవాడు. మా వాడంతా అంతే. చెప్పులతోనే ఆ గడప దాటుతానని ఇంట్లో చెప్పి మరీ వచ్చాను.

"దొర మనుమడు సుత ఇప్పిండవ్వా మొన్న," అంది. "ఇప్పనంటే ఎనుక దర్వాజ నుంచి రా. అటు బండలే."

"ఆ దర్వాజ నుంచే మా అవ్వ పేడ తట్ట మోసింది. గటు మాత్రం రాను బిడ్డా."

అరుగు మీద కూలబడ్డాను. తిరిగి పోదామనే లేచాను కూడా. కానీ నాయిన పని చూడకుండా పోతే ఇంత దూరం వచ్చి ఏం లాభం? విప్పాను. మనసొప్పి కాదు.

టేకు స్తంభాలు, ఊయల బల్ల దాటుకుని పెట్టె దగ్గరికి పోయాను. బొటనవేలు దూర్చే ఉంగటం దగ్గర మూడు పేటల కుట్టు. నాయినదే. కార్డు మీద 'దొరవారు ధరించినవి' అని ఉంది. కుట్టినవాడి ఊసే లేదు.

ఇవి మా నాయిన కుట్టినవే అన్నాను. ఎట్ల గుర్తుపట్టినవని వెంట వచ్చిన కావలి ఆమె అడిగింది.

"అందరికీ రెండు పేటలే ఏస్తుండె. దొర కాలీడ్చి నడుస్తడు, ఊకె తెగుతయని గీయనకు మూడేసిండు."

ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, నాయిన పేరు అడిగింది. అంతలో మహబూబాబాద్ నుంచి ఆలుమగలు వచ్చారు. ఆమె వాళ్లను పెట్టె దగ్గరికి పిలిచింది.

"గివి రాజలింగం కుట్టిండు. దొర కాలీడ్చి నడిచేటోడట."

రెండింటి బస్సులో తిరుగుముఖం పట్టాను. ఒళ్లు హూనమైంది. ఇల్లు చూడదగినదే, ఎండపూట గచ్చు చల్లగా ఉంటుంది. పోయేవాళ్లు కార్డు చదివి వచ్చేయకండి, కావలి ఆమెను అడగండి. నేనైతే మళ్లీ పోను.