సాఫ్ట్‌బాల్‌కి మైలున్నర పరుగు

అరకులోయ ఆశ్రమ పాఠశాలలో డ్రిల్లు మేస్టారుగా ఉన్నప్పుడు, సాఫ్ట్‌బాల్ జట్టు ఆడపిల్లలతో పాటు రోజూ మైలున్నర పరిగెత్తేవాణ్ణని చాలామందికి చెప్పాను. అబద్ధం. మోకాలు అప్పటికే పోయింది. విజిలు మెడలో వేసుకుని స్టూలు మీద కూర్చునేవాణ్ణి.

ఎనభైల మొదట్లో, జిల్లా జట్టు ఎంపికకని కొండ కింద నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ముందు మైలున్నర పరుగు. పన్నెండు నిమిషాల్లో రాని వాళ్ళు బంతి ముట్టుకోనక్కర్లేదన్నాడు. మా జట్టులో పదో తరగతి పిల్ల ఒకతి ఉండేది. మూడో బేస్ నుంచి మొదటి బేస్‌కి విసిరితే, బంతి గ్లౌజులో పడ్డ చప్పుడు వంటశాల దాకా వినిపించేది. సరే, బావి దాకా. ఎంపికైతే విశాఖలో హాస్టల్ సీటు, పై చదువు. కాకపోతే తండ్రి వెనకాల రాగి చేనే.

ఆ రోజు పరుగులో ఆ పిల్ల అందరికన్నా అర రౌండు ముందుంది. పరుగు ముగిసే గీతకి పది గజాల దూరంలో ఆగి, వెనక్కి తిరిగి నిలబడింది.

"ఏటే, ఆగిపోయావేటి? బేగి రా."

"ఎనకోళ్ళు రాలేదు కదండి మేస్టారు."

"ఇది సంత కాదే గుంటా."

"ఎక్కడికైనా కలిసే ఎల్తామండి."

కొండల మీద నుంచి సంతకి దిగేవాళ్ళు ఆఖరి మలుపు దగ్గర ఆగుతారు. వెనకున్న ముసలమ్మ కూడా వచ్చాకే అందరూ లోపలికి అడుగుపెడతారు. ప్రతివారం చూస్తూనే ఉన్నాను. పరీక్షలో అలా ఆగకూడదని ముందే చెప్పాలని మాత్రం తోచలేదు. అందరూ కలిసి పద్నాలుగు నిమిషాలకి గీత దాటారు. ఆఫీసరు మా పేర్ల కాగితం మీద అడ్డంగా ఒకే గీత కొట్టాడు.

దూరం పరిగెత్తడం చెడ్డదని అనను. ఊపిరి ఏ ఆటకైనా కావాల్సిందే. కానీ ఈ ఆటలో బేస్‌కీ బేస్‌కీ మధ్య పరిగెత్తేది అరవై అడుగులే. ఆ పిల్ల చేతిని చూడకుండా కాళ్ళకి గడియారం పెడితే ఏం తెలుస్తుంది? ఈ మాట మీద ఆఫీసరుతో గంటసేపు పోట్లాడానని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను. పోట్లాడలేదు. ట్రాన్స్‌ఫర్‌కి అర్జీ పెట్టుకుని ఉన్నాను. ఆయనకి టీ తెప్పించాను.

జీపు వెళ్ళేదాకా ఆ పిల్ల గ్లౌజు తియ్యలేదు.

"ఒక్కపాలి ఇసరనిస్తారనుకున్నానండి."

"వచ్చే ఏడాది చూద్దాంలే" అన్నాను.

పదో తరగతికి మా బడిలో వచ్చే ఏడాది ఉండదు. ఆ సంగతి తనకీ తెలుసు. "అలాగేనండి" అంది, నేను నొచ్చుకుంటానని కాబోలు.