మా అన్నయ్య కొన్న కోట బొమ్మ

గుడివాడలో డ్రాయింగ్ టీచరుగా ఉన్నన్నాళ్లూ, సెలవు దొరికితే బందరు వెళ్లి కోట శిథిలాల ముందు కూర్చుని బొమ్మలు వేసేదాన్ని. ఒకప్పుడు ఫ్రెంచివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ ఫిరంగులతో కొట్టుకున్న చోటు అది. ఇప్పుడు పగిలిన గోడలు, ఉప్పుగాలికి రాలిపోతున్న ఇటుకలు, తుమ్మచెట్లు. నాకు బాగా కుదిరిన నీటిరంగుల బొమ్మ ఒకటి బందరులో మా అన్నయ్యగారింట్లో, ముందుగది గోడకి ఉండేది. వచ్చినవాళ్లందరికీ "మా ఆడపడుచు వేసిందండీ" అని వదిన చూపించేది.

నిరుడు వేసవిలో వెళ్లేసరికి ఆ మేకుకి వేరే బొమ్మ వేలాడుతోంది. అన్నయ్య మద్రాసులో పాతపుస్తకాల షాపులో కొన్నాడట. మన కోటే. యుద్ధం ముగిసి చాలా ఏళ్లు గడిచాక, పందొమ్మిదో శతాబ్దంలో ఎవరో దొర లోహపు రేకు మీద చెక్కి అచ్చు తీసిన ఎన్‌గ్రేవింగ్. నా బొమ్మ ఏదని నేను అడగలేదు. మంచినీళ్ల కోసం లోపలికి వెళ్తే పడగ్గదిలో బీరువా పక్కన కనిపించింది.

సాయంత్రం పక్కింటి లెక్చరరుగారు వచ్చి ఆ గీతల్ని తెగ మెచ్చుకున్నారు. నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఎక్కడో ఒక తప్పు దొరక్కపోతుందా అని ఆ బొమ్మని అంగుళం అంగుళం వెతికాను. దొరికింది. కోట వెనకాల రెండు కొండలున్నాయి.

"బందరులో కొండెక్కడుంది అన్నయ్యా?" అన్నాను, అందరూ వినేట్టుగా.

అన్నయ్య నవ్వాడు. చెక్కినాయన లండన్‌లో కూర్చుని ఎవరో పంపిన స్కెచ్ చూసి చెక్కి ఉంటాడని, అందం కోసం కొండలు తగిలించి ఉంటాడని చెప్పాడు. "కొండ సంగతి నేనూ చూశాలేవే. ముందు ఆ మనిషిని చూడు."

అప్పుడు చూశాను. ఫిరంగి దెబ్బకి నోరు తెరిచిన గోడ నీడలో ఒకావిడ గంప దించుకుని, ఒక కాలు చాపి కూర్చుంది. ఒళ్లో పిల్ల. ఆవిడ గోడని చూడటం లేదు, యుద్ధం సంగతి ఆవిడకి పట్టలేదు. అలిసిపోయింది, అంతే. నా కోట బొమ్మల్లో ఒక్కదాంట్లోనూ మనిషి లేదు. ఎవరైనా అడ్డం వస్తే వాళ్లు వెళ్లిపోయేదాకా ఆగి మరీ గీసేదాన్ని.

కడుపు మండిపోయింది. అన్నయ్య మీదయితే అలగొచ్చు. బందరు మొహం కూడా చూడకుండా ఎప్పుడో చచ్చిపోయిన మనిషి మీద ఏమని అలుగుతాం?

వంటింట్లో వదిన మెల్లగా అడిగింది. "మీ బొమ్మ మళ్లీ అక్కడే పెట్టించనా?"

"వద్దు వదినా. అదే బాగుంది" అన్నాను. నిజంగా బాగుంది కాబట్టే ఆ మాట అనడం అంత కష్టమైంది.

ఆ తర్వాత వీలైనప్పుడల్లా కోడూరు బస్సెక్కి హంసలదీవి వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ చేపలు ఏరుకునే ఆడవాళ్లని గీసేదాన్ని. నన్ను చూడగానే ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోయేవాళ్లు. "మమ్మల్ని వేస్తే ఏముందండీ, సముద్రాన్ని వెయ్యండి" అంది ఒకావిడ. చేతులు కర్రల్లా వచ్చేవి. ఎన్నో చింపేశాను. పోయిన నెల ఒకావిడ పడవకి చేరగిలబడి, నేనున్న సంగతే మరిచిపోయి, అరికాల్లో ముల్లు తీసుకుంటోంది. ఆ పాదం ఒక్కటీ సరిగ్గా వచ్చింది.

ఆ బొమ్మ పట్టుకుని బందరు వెళ్లాను. అన్నయ్య కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, ఇంతవరకు నేను వేసినవాటిలో ఇదే మంచిదన్నాడు. ఆ మాట అంటుండగానే అన్నయ్య చూపు ఒక్కసారి గోడమీది ఎన్‌గ్రేవింగ్ వైపు వెళ్లి వచ్చింది. అది నా కంట పడనే పడింది.