ధాత్రి తొలిచిన పనసచెక్క

తిరుత్తణిలో అరక్కోణం రోడ్డు పక్కన, టైర్ల దుకాణం వెనకాల ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో ధాత్రి అనే ఆవిడ చెక్కతో కలాలు చేస్తుంది. వయసు ముప్పై ఎనిమిది. పుట్టిల్లు ఊత్తుకోట దగ్గర ఒక పల్లె, నాన్నది సేద్యం. ధాత్రి మాత్రం ఐటీఐ చదివి, తిరువళ్లూరులో పంపుసెట్ల విడిభాగాలు చేసే కార్ఖానాలో తొమ్మిదేళ్లు లేత్ నడిపింది. ఆ కార్ఖానా మూతపడ్డాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, చెక్కపని చేసే పాత లేత్ ఒకటి సంపాదించింది. లారీ నడిపే భర్త అరవింద్ దాన్ని మోసుకొచ్చి షెడ్డులో బిగించి పెట్టాడు.

చెక్క కలం చూసినవాళ్లు పైనున్న నునుపూ మెరుపూ చూసి మెచ్చుకుంటారు. చేసేవాళ్ల ప్రాణం మాత్రం లోపలి బెజ్జంలో ఉంటుంది. నాలుగు పలకల చెక్కముక్కకు నిలువునా, సరిగ్గా నడిమధ్యన బెజ్జం వేయాలి. అందులో ఇత్తడి గొట్టం అతికించాలి. ఆ తర్వాతే లేత్ మీద తిప్పుతూ గుండ్రంగా చెక్కడం. బెజ్జం వడ్లగింజంత పక్కకు పోయినా ఒకవైపు గోడ పలచబడుతుంది. ఉలి ఆనగానే అక్కడ చిట్లి, ఇత్తడి బయటపడుతుంది.

ఆ బెజ్జం వేస్తూనే ధాత్రికి దెబ్బ తగిలింది. పోయిన ఏడాది ఆడికృత్తిక తిరునాళ్లకు ముందు ఒక దుకాణానికి అరవై కలాలు ఇవ్వాల్సి ఉండింది. తొందరలో ముక్కను కదలకుండా పట్టే వైస్‌లో బిగించకుండా, ఎడమచేత్తో పట్టుకుని డ్రిల్ మిషన్ కింద పెట్టింది. తొలిచే బిట్ చెక్కను కరుచుకుంది. ముక్క గిర్రున తిరిగి వేళ్ల మీద పడింది. రెండు వేళ్ల నరాలు తెగాయి. ఆపరేషన్ తర్వాత వేళ్లు ముడవడం వచ్చింది గానీ వాటికి స్పర్శ రాలేదు.

అప్పటినుంచి ఆమె డ్రిల్ దగ్గరికి పోలేదు. చెక్కడం, నునుపు చేయడం ఎప్పటిలాగే చేసేది. బెజ్జాలు మాత్రం అరవింద్ లోడు దించి ఇంటికొచ్చిన రోజున వేసిపెట్టేవాడు. అతను మిషన్ ఆన్ చేస్తే ఆమె ఏదో పని కల్పించుకుని షెడ్డు బయటికి నడిచేది. ఈ సంగతి వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

మొన్న తమిళుల మాసి నెలలో, ఒక మంగళవారం ఉదయం, విద్యాలక్ష్మి తన తండ్రి గుర్నాథాన్ని ఆటోలో తీసుకుని ఆ షెడ్డుకు వచ్చింది. గుర్నాథంగారికి ఎనభై ఒకటి. రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట నలభై మూడేళ్లు దస్తావేజులు రాసిన మనిషి. తమిళంలో, తెలుగులో ఆయన చేతిరాత అచ్చు వేసినట్టు ఉండేదని ఊళ్లో పేరు. రెండేళ్లుగా చేతులు వణుకుతున్నాయి. మామూలు కలం ఆయన వేళ్ల మధ్య నిలవడం లేదు.

వాళ్లు వచ్చిన పని ఇది. బజారులో ఆయనకున్న కాగితాల దుకాణాన్ని ఇరవై ఏళ్లుగా విద్యాలక్ష్మే నడుపుతోంది. దాన్ని కూతురి పేర రాసివ్వాలని ఆయన నిర్ణయించుకున్నాడు. గురువారం మూడు గంటలకు రిజిస్ట్రారు ఆఫీసులో టోకెన్ ఉంది. శుక్రవారం చెన్నైలో ఆయనకు గుండె ఆపరేషన్. దాన్ని తట్టుకుని బయటికొస్తాడో లేదో డాక్టర్లు గట్టిగా చెప్పలేదు. ఇక ఆయన తమ్ముడి కొడుకు సుందరరాజ్, పెద్దాయనకు మతి నిలకడ లేదని, దుకాణం కూతురే లాక్కుంటోందని ఊరంతా చెప్పి తిరుగుతున్నాడు.

"కైనాట్టు పెడితే చాలదా అయ్యా?" అని ధాత్రి అడిగింది. వేలిముద్రను అక్కడ అందరూ ఆ తమిళ మాటతోనే అంటారు.

గుర్నాథం తల అడ్డంగా ఊపాడు. "ఆఫీసులో వేలిముద్ర ఎట్లాగూ తీసుకుంటారు, దాన్ని గురించి కాదు. సంతకం చోట కూడా వేలే ఒత్తితే, పట్టుకొని ఒత్తించినారని రేపు కోర్టులో చెప్తాడు వాడు. అట్లాంటి కేసులు ఎన్ని చూసినాను నేను. నా సంతకం నేనే పెట్టల్ల. నా చేతికి నిలబడే కలం ఒకటి చేసియ్యి తల్లీ."

ధాత్రి ఇంట్లోంచి చపాతి పిండి ముద్ద తెచ్చి, కలం పట్టుకున్నట్టు పట్టుకొమ్మంది. ఆయన వేళ్లు ముద్దలో మూడుచోట్ల దిగాయి. అంత లావు కలం కావాలి, వేళ్లు కూర్చునే చోట మూడు గుంటలు చెక్కాలి. బరువుగా ఉంటే వణుకు కాస్త అణుగుతుందని కూడా ఆమెకు తోచింది. అయితే ఆమె దగ్గరున్నవన్నీ సన్నటి ముక్కలు. లావు చెక్క పచ్చిదైతే ఎండేటప్పుడు పగులుతుంది.

బాగా ఎండిన లావు చెక్క కావాలని ధాత్రి చెప్పగానే, విద్యాలక్ష్మి ఆ సాయంత్రమే ఒక కర్ర తెచ్చింది. తండ్రి దస్తావేజులు రాసిన పనసచెక్క డెస్కు కాలు. డెస్కు మొత్తం చెదలు తినేయగా అది ఒక్కటే మిగిలింది. ఎప్పుడో ఎండి రాయిలా ఉంది. కోస్తే రెండే ముక్కలు వచ్చాయి. ఒకటి పోయినా ఇంకొకటి ఉందిలే అని ధాత్రి ధైర్యం చెప్పుకుంది.

బుధవారం మధ్యాహ్నానికి అరవింద్ రావాలి, బెజ్జం వేయాలి. రాలేదు. లోడు కాగితాల్లో ఏదో తేడా ఉందని లారీని ఎలవూరు చెక్‌పోస్టు దగ్గర నిలిపారు. గురువారం ఉదయం ఏడింటికి ఫోన్ చేస్తే ఇంకా అక్కడే ఉన్నాడు.

"యాడున్నావు బావా?"

"ఆడనే. నా ముందర పద్దెనిమిది బండ్లు ఉండాయి. సాయంత్రం దాటుతుందేమో. వాళ్లకు చెప్పెయ్యి, కుదరదని."

డ్రిల్ మీద నువ్వు మాత్రం చెయ్యి పెట్టొద్దు అని కూడా అన్నాడు అరవింద్. సరేనని ఫోన్ పెట్టేసి, ఆమె షెడ్డులోకి వెళ్లింది.

డ్రిల్ మిషన్ కింద అరవింద్ బిగించుకున్న వైస్ అలాగే ఉంది. అతను చేసినట్టే చేద్దామనుకుంది. మొదటి ముక్కను వైస్‌లో నిలబెట్టి, రెండుసార్లు మర తిప్పి గట్టిగా బిగించింది. ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుంది. మిషన్ ఆన్ చేసింది. ఆ హోరు వినగానే ఆపేసింది. బయటికొచ్చి ముఖం కడుక్కుని మళ్లీ లోపలికి పోయింది. ఈసారి పిడి కిందికి దించింది. పసుపురంగు పొట్టు పైకి లేచింది. సగం దాకా బాగానే పోయింది. ఆ తర్వాత బిట్ ఎందుకో బరువుగా దిగసాగింది. ఆమె ఆపలేదు. ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనేమో అని భయపడింది. అడుగున టప్‌మని చప్పుడైంది.

ముక్కను విప్పి తిరగేసి చూసింది. పైన నడిమధ్యన మొదలైన బెజ్జం అడుగున ఒక మూలకు తేలింది. పనస మొండి చెక్క. దాని నారలు మెలి తిరిగి ఉంటాయి. పొడుగు బిట్ ఆ నారల వెంట పక్కకు జారిపోయింది. అడుగు అంచు కూడా పెచ్చు లేచిపోయింది. పనికిరాదు.

గంట తొమ్మిదైంది. ఒక్క ముక్క మిగిలింది.

అప్పుడు విద్యాలక్ష్మి ఫోన్ చేసింది. నాన్న పొద్దున్నే స్నానం చేసి చొక్కా వేసుకుని కూర్చున్నాడని, సుందరరాజ్ వకీలును వెంటబెట్టుకుని ఆఫీసుకు వస్తున్నాడని తెలిసిందని చెప్పింది. కలం అయిందా అని మాత్రం అడగలేదు. ఆ అడగకపోవడమే ధాత్రిని ఎక్కువ బాధపెట్టింది. "చేస్తా ఉండానక్కా" అంది.

ఆమె ముక్కను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కార్ఖానాలో ఇనుప కడ్డీలకు వేల బెజ్జాలు వేసింది తను. అక్కడ ఒక్కసారి కూడా ఇలా కడ్డీని నిలబెట్టి పైనుంచి పొడవలేదు. కడ్డీ దవడలున్న చక్‌లో తిరుగుతుంది, బిట్ కదలకుండా ఎదురుగా నిలబడుతుంది. తిరిగే వస్తువుకు నడిమధ్య తనంత తానే దొరుకుతుంది. బిట్ పక్కకు పోవాలన్నా తిరుగుడు దాన్ని మళ్లీ మధ్యకే లాగుతుంది. ఆ పద్ధతిలోనే చేద్దామని, లేత్ కుడివైపు తలకు బిట్ పట్టే చక్ ఒకటి దెబ్బ తగిలిన నెలలోనే కొన్నది కూడా. కొని, పెట్టె విప్పకుండా అటక మీద పడేసింది.

స్టూలు ఎక్కి ఆ పెట్టె దించింది.

ముందు ముక్క మూలలు చెక్కేసి గుండ్రంగా చేసింది. లేత్ చక్ దవడల్లో బిగించింది. చేత్తో తిప్పి చూసింది, ఎక్కడా ఊగడం లేదు. మొదట పొట్టి బిట్‌తో నడిమిన చిన్న గుంట పెట్టింది, పొడుగు బిట్‌కు దారి దొరకాలని. బిట్ మీద ఎనభై ఐదు మిల్లీమీటర్ల దగ్గర ఎర్ర టేపు చుట్టింది. గొట్టం పొడుగు ఎనభై. ముక్క నూట ఐదు. అవతలికి తొలుచుకుపోతే అంచు పెచ్చులు లేస్తుంది కాబట్టి చివరిదాకా పోనివ్వదు. అక్కడ ఆపి, మిగిలిన కొస కోసేస్తుంది.

లేత్ మెల్లగా తిరిగేలా పెట్టి స్విచ్ వేసింది. కుడిచేత్తో చక్రం తిప్పుతుంటే బిట్ చెక్కలోకి వెళ్లింది. కొంచెం పోగానే వెనక్కి లాగింది, పొట్టు రాలింది. మళ్లీ కొంచెం లోపలికి, మళ్లీ వెనక్కి. ప్రతిసారీ లేత్ ఆపి, చెక్కను కుడిచేత్తో తాకి వేడి చూసింది. వేడెక్కితే లోపలే చీలుతుంది. చల్లారేదాకా ఆగింది. ఆగిన ప్రతిసారీ గోడ గడియారం వైపు చూడకుండా ఉండలేకపోయింది.

అరవై దాటింది. డెబ్బై దాటింది. ఎనభై రెండు దగ్గర కీచుమని శబ్దం వచ్చింది.

ధాత్రి కుడిచెయ్యి చక్రం మీదే బిగుసుకుపోయింది. చెక్క అలా అరవదు. అది ఇనుము. ఒక్క క్షణం ఆమెకు పాత దెబ్బ నాటి శబ్దమే వినిపించింది. పారిపోవాలనిపించింది. కానీ చక్రాన్ని వదల్లేదు. వెనక్కి తిప్పింది. బిట్ బయటికొచ్చాకనే లేత్ ఆపింది. బిట్ కొన ఒక పక్క అరిగిపోయింది. టార్చి వేసి బెజ్జంలోకి చూస్తే అడుగున మేకు తల తళుక్కుమంది. ఎప్పుడో డెస్కు కాలు వదులైతే ఎవరో కొట్టిన మేకు, విరిగి లోపలే ఉండిపోయింది.

కావలసినవి ఎనభై. మేకుకు ఇటువైపున ఉన్నవి ఎనభై రెండు. రంపంతో ఆ రెండింటి మధ్యన కోయాలి. పక్కకు పోవడానికి చోటు లేదు. ఆమె గీత గీసి, దాన్ని తుడిచి, మళ్లీ కొలిచి గీసింది. నెమ్మదిగా కోసింది. కొస తెగి కిందపడింది. మేకు ఆ కొసలోనే ఉండిపోయింది. కోసిన ముఖాన బెజ్జం చుట్టూ గోడ అన్నివైపులా ఒకే మందం. కొలకర్రతో మూడుచోట్ల కొలిచి చూసి, అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

ఆపైన పని ఆమెకు తెలిసిన పని. గొట్టం అతికించడం, తిప్పడం, పిండిముద్ద చూస్తూ మూడు గుంటలు ఆకురాయితో దించడం, నూనె పట్టించడం. నీలం రీఫిల్ వేసి కలం బిగించేసరికి రెండుంపావు. చీర నిండా పసుపు పొట్టుతో ఆటో ఎక్కింది.

రిజిస్ట్రారు ఆఫీసులో సుందరరాజ్ గోడకానుకుని నిలబడి ఉన్నాడు, పక్కన వకీలు. గుర్నాథం కలాన్ని అందుకుని, వేళ్లు గుంటల్లో పెట్టుకుని చూసుకున్నాడు. దస్తావేజు తొమ్మిది పేజీలు. ప్రతి పేజీ కిందా సంతకం కావాలి.

విద్యాలక్ష్మి తండ్రికి కాగితం సరిచేయబోతే సుందరరాజ్ గట్టిగా అన్నాడు. "సార్, వాళ్లు చెయ్యి పట్టుకోకుండా చూసుకోండి."

ఆఫీసరు తల ఊపి, అందరినీ రెండడుగులు వెనక్కి జరగమన్నాడు. కాగితాలు తనే తిప్పుతానన్నాడు.

మొదటి సంతకానికి రెండు నిమిషాలు పట్టింది. అక్షరాలు వణికాయి గానీ అక్షరాలే. ఐదో పేజీ దాకా అలాగే నడిచింది. ఆరో పేజీలో చెయ్యి ఎగిరిపడి గీత అడ్డంగా పోయింది. సుందరరాజ్ వకీలు చెవిలో ఏదో చెప్పాడు. గుర్నాథం కలం కింద పెట్టి, చేతిని ఒళ్లో వేసుకుని, కళ్లు మూసుకున్నాడు. ధాత్రి తన చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది. కలం బరువు ఎక్కువైందేమో, గుంట లోతు చాలలేదేమో అని ఆమెకు వంద అనుమానాలు.

ఆఫీసరు అడిగాడు, అయ్యా, ఆపేద్దామా అని.

"ఆ గీత పక్కనే మళ్లీ పెడతాను. అట్లా పెట్టొచ్చు" అన్నాడు గుర్నాథం కళ్లు తెరిచి. అది ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. కలం తీసుకున్నాడు. ఆరు, ఏడు, ఎనిమిది. తొమ్మిదో పేజీ సంతకం మిగిలిన అన్నిటికన్నా పెద్దదిగా వచ్చింది, పేరులో ఒక్క అక్షరం కూడా తప్పకుండా.

సుందరరాజ్ అందరికన్నా ముందు బయటికి వెళ్లిపోయాడు. విద్యాలక్ష్మి ఏడుస్తూ ధాత్రి భుజం పట్టుకుంది. ధాత్రి అక్కడున్న బల్ల మీద కూర్చుంది.

గుర్నాథం ఆపరేషన్ నుంచి బతికి బయటపడ్డాడు. కానీ ఆ తర్వాత ఆయన చెయ్యి మరి రాయలేదు. సుందరరాజ్ కేసు వేశాడు. రెండు వాయిదాలకు వచ్చి, తొమ్మిది సంతకాలూ ఆఫీసరు సాక్ష్యమూ చూశాక వదిలేసుకున్నాడు.

ఆ శుక్రవారం ఇల్లు చేరిన అరవింద్, లేత్‌కు బిగించి ఉన్న కొత్త చక్‌ను చాలాసేపు చూశాడు. "నువ్వేనా?" అని అడిగాడు. ఊ అంది ధాత్రి. ఆ రాత్రి అతను మొదటిసారి ఆమె ఎడమచేతి వేళ్లను పట్టుకుని, స్పర్శ ఎక్కడిదాకా ఉందో అడిగి తెలుసుకున్నాడు.

ఇప్పుడు బెజ్జాలన్నీ ధాత్రే వేసుకుంటోంది. భయం పోయిందా అని అడిగితే పోలేదంటుంది. అందుకే రోజుకు నాలుగు ముక్కలకు మించి తొలవదు. ఐదోది ఎంత అవసరమని వచ్చినా, రేపు రమ్మంటుంది.