తాళంచెవి మరిచిన తాళాలాయన

ముప్పై ఏళ్లుగా ఊరందరి తాళాలూ తీసిన తాళాలాయన, తన తాళంచెవిని ఇంట్లో మరిచిపోయి దర్గాకు వచ్చాడు. భార్య గొంతుకు ఆపరేషన్ జరిగిన రోజున, ఆమె మళ్లీ మాట్లాడితే వచ్చి తీస్తానని మొక్కుకుని, బాబా సమాధి గది కిటికీ ఊచకు చిన్న తాళం వేసి వెళ్లాడు. ఇక మాట్లాడొచ్చని డాక్టర్ చెప్పి వారమైంది. అయినా ఆవిడ భయంతో పెదవి విప్పలేదు, పలక మీద రాసి చూపించడమే. డాక్టరే చెప్పాక మొక్కు తీరినట్టే కదా అని ఆయన ఆవిడను వెంటబెట్టుకుని వచ్చాడు.

కిటికీ ముందు జేబులన్నీ తడుముకుని, "నాకు తాళంచెవి ఎందుకే!" అంటూ వంకర తీగ తీసి తాళంలో దూర్చాడు.

"సిగ్గులేదూ మీకు! బాబా ముందే దొంగపనా? ఇంటికెళ్లి తాళంచెవి పట్టుకురండి!"

బొంగురుపోయినా గొంతు ఆవిడదే. ఆవిడే ఉలిక్కిపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తాళాలాయన గుండెల మీది కుంపటి దిగిపోయింది.

"ఏమన్నావ్? మళ్లీ అను."

"మళ్లీ అనిపించుకోడానికీ సిగ్గులేదు!"

ఎండ నడినెత్తిన ఉంది. ఇల్లు రెండు మైళ్లు. తాళాలాయన చెప్పులేసుకుని కొత్త పెళ్లికొడుకులా బయల్దేరాడు.