కిరసనాయిల్లో కడిగిన బ్రేకులు

గాజువాకలో అద్దె ఇంట్లో కాపురం పెట్టిన ఆ రోజుల్లో, ఇంట్లో చేసుకోగల పనిని బయటివాడి చేతిలో పెట్టాలంటే నాకు తల కొట్టేసినట్టుండేది. చదివింది మూడో తరగతి. తెలియనిది లేదన్న ధీమా మాత్రం బోలెడు. మా మావ (కట్టుకున్నవాడే) పాత అంబాసిడర్ టాక్సీ నడిపేవాడు. ఆ బండే మాకు కూడు. ఒకరోజు బ్రేకు తొక్కితే లోపలికి దిగిపోతోందని షెడ్డుకు తీసుకెళ్లాడు. వెనక సీట్లో నేను.

"రబ్బర్లు పోనాయి బావా. బండి ఒగ్గేసి ఎల్లు, ఎల్లుండి ఇచ్చేత్తాను," అన్నాడు మెకానిక్కు.

"అయి నాను ఏసుకోలేనేటి?"

"లైటో హారనో అయితే ఏసుకోమందును. ఇది బ్రేకు బావా. తేడా వస్తే హారను కొట్టుకుంటా పైకెల్లిపోతావు."

మావ తల గోక్కుని నా వంక చూశాడు. "రెండు రోజులు బండి నిలబెడితే ఏటి తింటాం? నాలుగు రబ్బరు ముక్కలకి ఈడెందుకు? సేతులు లేవా నీకు?" అన్నాను. (మగవాణ్ణి అలా అడిగాక ఇంక ఆలోచన ఏముంటుంది?) కొత్త రబ్బర్లు కొనుక్కుని వచ్చేశాం.

మర్నాడు పెరట్లో చక్రాలు విప్పాడు. ఏ ముక్క ఎక్కడిదో గోడ మీద బొగ్గుతో గీసుకున్నాడు పాపం, అంత జాగ్రత్త. బజారునుంచి వచ్చిన వస్తువును కడగకుండా వాడడం మా ఇంటావంటా లేదు. స్టవ్వూ తాళాలూ కుట్టుమిషనూ నా కిరసనాయిలు గుడ్డకు తళతళలాడేవి. ఆయన అన్నం తిని లేచేలోపు ఇనుప ముక్కలతో పాటు ఆ రబ్బర్లనూ కిరసనాయిల్లో నానబెట్టి, తుడిచి, వరసగా పేర్చాను. చెప్పలేదు. చేసిన మంచి పని చెప్పుకోవడం నాకు అలవాటు లేదు.

ఆ సాయంత్రం బ్రేకు బాగానే పట్టింది. మర్నాడు పొద్దున, నన్నూ ఎక్కించుకుని సముద్రం వైపు దిగే వాలులో వెళ్తుంటే, పట్టలేదు.

"మావా, తొక్కు!"

"తొక్కుతానే ఉన్నానే!"

ఎదురుగా బడికెళ్లే పిల్లలు. ఆయన బండిని ఇసకలోకి తిప్పేసి, బోర్లించిన పడవకు గుద్దేశాడు. "ఓలమ్మో, మా పడవ! కళ్లు లేవేటిరా?" అంటూ వచ్చిన పల్లెకారు అవ్వ, ఆయన మోకాలు చూసి, తిట్టు మధ్యలో ఆపి చీర చెంగు చింపి కట్టింది. నా నోట వచ్చిన మొదటి మాట: "కొత్త ఫ్యాంటు సిరిగిపోనాది."

ఆ మోకాలు మళ్లీ సరిగ్గా వంగలేదు. బండి అమ్మేశాం. ఆయన గోడౌను కాపలాకు కుదిరాడు. అమ్మేముందు బండి విప్పి చూసిన మెకానిక్కు పరామర్శకొచ్చి, "రబ్బర్లు బూరెల్లా ఉబ్బిపోనాయి బావా, కిరసనాయిలు గాని తగిలిందేటి?" అని అడగడం వంటింట్లోంచి విన్నాను. "ఏమో, నానే ఎక్కడో తప్పు సేసేను," అన్నాడాయన. మూలనున్న నా కిరసనాయిలు గుడ్డను స్టవ్వు వెనక్కి తోసేశాను. బయటికొచ్చి, చేతకాని పని నెత్తికెత్తుకున్నందుకు ఆయన్నే తిట్టాను. అలా చాలా ఏళ్లు తిట్టాను.

ముసలితనంలో ఒకనాడు మనసు ఒప్పక చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"బిగిస్తన్నప్పుడే కంపు కొట్టిందే."

"మరి అడగలేదేటి?"

"అడిగితే నీ నోరు ఊరుకుంటాదా? దానికన్నా ఆ బ్రేకే నయమనుకున్నాను."

నవ్వాలో ఏడవాలో తెలియక మంచినీళ్లు తెస్తానని లేచి వెళ్లాను. ఇప్పుడు ఆయన లేడు. ఆ కుంటి నడక తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది. ఆ మాట తలుచుకుంటే మాత్రం నాలో నేనే నవ్వుకుంటాను, పిల్లలు చూడకుండా.