దేవుని బియ్యం వండుకున్న రోజు

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, ఈ మైకు ముందు నిలబడటం నాకు అలవాటు లేదు, అయినా నా ప్రభువు నాకు చేసింది చెప్పకుండా కూర్చుంటే నా నోరు నన్నే తిడుతుంది గనుక లేచాను. కొల్లేరు పొంగి మా లంక ఊళ్ళోకి నీళ్ళొచ్చిన ఏడాది నా జీవితంలో అన్నిటికంటే చీకటి కాలం. నీళ్ళకి కాదండీ నేను భయపడింది. నీళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళం, వాటికేం భయపడతాం? దేవుడు నామీద పగబట్టాడని భయపడ్డాను.

మా ఇంట్లో తరాల నుంచీ ఒక పద్ధతి ఉంది, మీలో చాలామంది ఇళ్ళల్లోనూ ఉంది. పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. అది దేవుని బియ్యం. ఆదివారం గుడికి తీసుకెళ్ళి బల్ల ముందున్న గంపలో పోస్తాం. మా అత్తగారు సంతోషమ్మగారు ఈ విషయంలో మహా గట్టి మనిషి. నా పెళ్ళయిన కొత్తలో ఒకరోజు మరిచిపోయి బియ్యమంతా కడిగేస్తే, ఆ తడి బియ్యంలోంచే పిడికెడు తీయించి, చాట మీద ఆరబోయించి, డబ్బాలో వేయించేదాకా పొయ్యి వెలిగించనివ్వలేదు. దొరల కాలంలో మిషను బడిలో చదువుకున్న కుటుంబం వాళ్ళది. ఆవిడ వంటైనా మానేవారు గాని ఆ పిడికెడు మానేవారు కాదు.

నీళ్ళు అరుగెక్కిన రోజు మా ఆయన ఊళ్ళో లేరు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోసే పనికి వెళ్ళి, రోడ్లు తెగిపోయి అక్కడే చిక్కుకుపోయారు. నేనూ, అత్తగారూ, మా పాప కెజియా పక్కవాళ్ళ డాబా మీదికి ఎక్కాం. ఆ గాభరాలో అత్తగారు పట్టుకొచ్చింది రెండే రెండు, బైబిలూ, దేవుని బియ్యం డబ్బా! తినే బియ్యం బస్తా కింద నీళ్ళలో నానిపోయింది. పక్కవాళ్ళు ఉన్నంతలో పెట్టారు, తర్వాత వాళ్ళకీ నిండుకుంది. పొట్లాలు తెచ్చే పడవ ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అంటున్నారు గాని రాలేదు. పిల్ల ఆకలికి ఏడ్చి ఏడ్చి, ఏడవడం కూడా మానేసి నా ఒళ్ళో వాలిపోయింది. ఇక ఆగలేకపోయాను. డబ్బా మూత తీశాను, ఇటుకల మీద గిన్నె పెట్టాను, దేవుని బియ్యం వండి పిల్లకి పెట్టాను, పక్కవాళ్ళ పిల్లలకీ పెట్టాను, నేనూ తిన్నాను. అత్తగారు ముద్ద ముట్టలేదు. గోడవైపు తిరిగి కూర్చుని ఒక్క మాట అన్నారు.

“అది ఆయన నోటికాడిదే అమ్మాయ్. తిన్నావు కదా, ఇక చూసుకో.”

చూసుకోవడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. నీళ్ళు ఇంకా తీయకముందే కెజియాకి జ్వరం పట్టుకుంది. పడవ మీద రోడ్డు దాకా, అక్కడి నుంచి ఆటోలో ఏలూరు తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాను. టైఫాయిడ్ అన్నారు. మురికి నీళ్ళు తాగడం వల్ల వచ్చిందమ్మా, పేగులకి ఎక్కితే కష్టం, కనిపెట్టుకుని ఉండు అని డాక్టరుగారు నెమ్మదిగా చెప్పారు. నాకు ఆ నీళ్ళ మాట చెవికెక్కలేదు. నా చెవిలో మా అత్తగారి మాటే! దేవుడి నోటి దగ్గరిది లాక్కున్నాను, ఆయన నా నోటి దగ్గరిది లాక్కుంటున్నాడు, అంతే అనుకున్నాను. వార్డులో అందరూ బిడ్డల కోసం ఏడుస్తుంటే నేను తప్పు కట్టుకోవడానికి ఏడ్చాను. వంట లేదు, పొయ్యి లేదు, అయినా కొట్లో బియ్యం కొనుక్కొచ్చి పొద్దున పిడికెడు, సాయంత్రం పిడికెడు తీసి మంచం కింద సంచిలో వేసేదాన్ని. ఉపవాసం పట్టాను. ఈ ఒక్కసారికి క్షమించు ప్రభువా, ఇకమీదట రెండు పిడికిళ్ళు తీస్తాను, మూడు తీస్తాను అని బేరాలాడాను. సంతలో చేపలకి ఆడినట్టు ఆయనతో బేరాలాడాను సహోదరులారా! జ్వరం దిగలేదు. సరే, నా ముఖం చూడదలచుకోలేదు కాబోలు అని ప్రార్థన కూడా మానేశాను.

అప్పుడు వచ్చారు మా పాస్టరుగారి భార్య, సంఘంలో మేమంతా అమ్మగారు అని పిలుచుకునే ఆవిడ, చేతిలో కేరేజీతో. గుమ్మంలో ఆవిడని చూడగానే దుఃఖం ఆగలేదు. తినమ్మా అని మూత తీశారు. తిననండి, నేను చేసిన పని మీకు తెలీదు అని జరిగిందంతా చెప్పాను. పిల్ల చచ్చిపోతే నావల్లే అన్నాను. ఆవిడ కూడా తల పట్టుకుంటారనుకున్నాను. అమ్మగారు నవ్వారండీ!

“పిచ్చిదానా, ఈ అన్నం దేంతో వండాననుకున్నావు? గంపలో బియ్యంతోనే. నీళ్ళొచ్చాక ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో ఆ ఇంటికల్లా పాస్టరయ్యగారు పంచింది ఆ బియ్యమే. దేవుడు అన్నం తింటాడా అమ్మా?”

నేను కేరేజీలోని అన్నం వైపు చూశాను.

“నువ్వు ఆయనకి పెడుతున్నాననుకుంటున్నావు. ఆ గింజ ఆయనది, తీసే పిడికిలీ ఆయనదే. పిల్లకి ఆకలేసింది, పరలోకంలో ఉన్న తండ్రి పెట్టాడు. మీ అత్తగారి చేత ముందే ఆ డబ్బా మోయించి మరీ పెట్టాడు. ఇందులో నీ తప్పేముంది? పోనీ, నిజంగా తప్పులు చేశావే అనుకో, వాటికి సిలువ మీద రక్తం చాల్లేదా, నీ సంచిలో బియ్యం కూడా కావాలా?”

ఆ మాటతో నాలో ఏదో తెగిపోయింది. చిన్నప్పటి నుంచి గుడికి వెళ్తున్నాను, పెంటపాడులో మా పుట్టింటి దగ్గర సండే స్కూల్లో కృప గురించిన వాక్యాలు కంఠతా చెప్పి బహుమతి కూడా తెచ్చుకున్నాను, కాని కృప అంటే ఏమిటో అప్పుడు ఆ మంచం పక్కన నేల మీద కూర్చుని, దేవుని బియ్యంతో వండిన అన్నం కన్నీళ్ళతో కలిపి తింటూ తెలుసుకున్నాను. నేను పిడికెడు తీశానని ఆయన నన్ను ప్రేమించలేదు, తీయలేదని మానలేదు. నేను పుట్టకముందే, మా అత్తగారి అత్తగారు కూడా పుట్టకముందే ఆయన నన్ను తనదాన్నిగా చేసుకోవాలని తీర్మానించుకున్నాడు, ఆ తీర్మానం మార్చడం నా వల్ల కాదు, కొల్లేటి వల్ల కాదు, సాతాను వల్ల అసలే కాదు. చేయి కడుక్కుని మోకరించి ప్రార్థించాను. “తండ్రీ, ఈ బిడ్డ నీది. ఉంచినా నీదే, తీసుకున్నా నీదే. నీకివ్వడానికి నా దగ్గరేమీ లేదు. నన్ను కూడా ఊరికే తీసుకో.”

ఆ రాత్రే జ్వరం దిగిపోయిందని చెబితే మీకు బాగుంటుంది, నాకూ బాగుంటుంది, కాని దేవుని ఇంట్లో నిలబడి అబద్ధ సాక్ష్యం చెప్పకూడదు. మర్నాడు జ్వరం ఇంకా ఎక్కువైంది. మా ఆయన ఎలాగో తాడేపల్లిగూడెం నుంచి వచ్చి పిల్లని చూసి గోడకి తల కొట్టుకున్నారు. ఆయన్ని ఓదార్చింది ఎవరో తెలుసా? నేనే! ముందు రోజు దాకా గాలికి తలుపు కొట్టుకున్నా దేవుడు కొట్టడానికి వచ్చాడని ఉలిక్కిపడినదాన్ని, పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ పాట పాడుకున్నాను. నన్ను భయం నుంచి విడిపించిన తర్వాతే ప్రభువు నా బిడ్డను జ్వరం నుంచి విడిపించాడు. కొద్ది రోజులకి పిల్లకి చెమట పట్టింది, కళ్ళు తెరిచింది, జావ అడిగింది. డాక్టరుగారు ఇక భయం లేదన్నారు. మందులిచ్చిన చేతులకి కృతజ్ఞత, ఆ చేతుల వెనకున్న చేతికి మహిమ. కెజియా ఇప్పుడు ఏడో తరగతి, ఇదిగో ఆ కిటికీ దగ్గర కూర్చుని నన్ను చూసి సిగ్గుపడుతోంది.

ఇక అసలు సంగతి చెప్పి కూర్చుంటాను. ఇంటికి వచ్చాక మా అత్తగారికి అమ్మగారి మాటలన్నీ చెప్పాను. ఆవిడ అవుననలేదు, కాదనలేదు. చాలా రోజుల తర్వాత ఒక సాయంత్రం వంటకి బియ్యం కొలుస్తూ, పిడికిలి బియ్యంలో ఉంచి, ఆ చెయ్యి తీయకుండా అలాగే కూర్చుండిపోయారు. ఏమైంది అత్తయ్యా అన్నాను.

“కాపరానికొచ్చిన కాణ్ణించి తీస్తన్నానే. తియ్యకపోతే ఏమైపోద్దోనని తీశాను. మా అమ్మా అంతే. ఆయనంటే ఇష్టమై తీసిన పూట ఒక్కటన్నా ఉందేమోనని ఎతుక్కుంటన్నాను, దొరకట్లేదే అమ్మాయ్.”

వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఊరంతటికీ భక్తురాలైన ఆ పెద్ద మనిషి, ఆ పొయ్యి దగ్గర, పసిపిల్లలా ఏడుస్తూ ప్రార్థించారు. “నాయనా, ఇన్నేళ్ళూ నీకు భయపడ్డాను గాని నువ్వు మంచోడివని నాకు తెలవలేదయ్యా.”

సహోదరులారా, ఆ ఇంట్లో ఆ రోజు రక్షణ పొందింది సారా అంగళ్ళ చుట్టూ తిరిగే తాగుబోతు ఎవరో కాదు, ఒక్క ఆదివారం కూడా తప్పని మా అత్తగారు! ఆవిడ ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉన్నారు. చివరి జబ్బులో పిడికిలి బిగించడానికి కూడా చేతుల్లో బలం లేదు, అయినా ముఖంలో భయం లేదు. ఇందుకు ఘనత ఆవిడకి కాదు, నాకు కాదు, మమ్మల్ని వెదికి పట్టుకున్న యేసయ్యకే! మీలో ఎవరైనా ఏదో బాకీ పడ్డట్టు ఏళ్ళ తరబడి ఆయన ముందు తల వంచుకుని కూర్చుంటే, నా మాట వినండి. ఆయన మంచివాడండీ. ఖాళీ చేతులతో రండి.